ద్వీపపురుషుడి తొడ ఎముక

మా సంస్థలో ఒక వస్తువు ప్రాచీనమా కాదా అన్న గొడవ రాకుండా పద్నాలుగో నిబంధన అనేది ఒకటి ఉంది. ప్రకటిత స్థలంలో నేల కింద దొరికినదంతా ప్రాచీనమే. ఎందుకంటే ఆ స్థలం ప్రాచీనమైనది. ఆ స్థలం ప్రాచీనమైనదని ఎలా తెలిసిందయ్యా అంటే, అక్కడ ప్రాచీన వస్తువులు దొరికాయి కనక. ఈ నిబంధన రాసినాయన పప్పూ నెయ్యీ కలుపుకుని సుష్టుగా తిని, కునుకు పట్టే ముందు రాసి ఉంటాడని నా అభిప్రాయం. అయితే అభిప్రాయాలు చెప్పడం నా ఉద్యోగం కాదు. నా ఉద్యోగం ఎముకలకు పోతలు పొయ్యడం.

నా పేరు ఏకాంబరం. ప్రాచీన ద్వీప మానవ అవశేషాల అధ్యయన సంస్థలో నమూనాల తయారీదారును. తవ్వకంలో దొరికిన పుర్రెనో పక్కటెముకనో నా బల్ల మీద పెడితే, దానికి అచ్చు తీసి, ప్లాస్టర్ కలిపి పోసి, ఆరాక గీకి, టీ డికాషనుతో రంగు పట్టించి, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసిస్తాను. వాటిని బళ్ళకీ, కాలేజీలకీ, ప్రదర్శనలకీ పంపుతారు. మా తాత వినాయకుడి బొమ్మలు చేసేవాడు, ఆ చెయ్యే నాకు వచ్చింది. పక్కపక్కన పెడితే అసలు ఏదో నమూనా ఏదో మా డైరెక్టరు గారు కూడా చెప్పలేరు. అది నా పనితనమని మొదట్లో పొంగిపోయాను. తర్వాత తర్వాత ఆయన చెప్పలేనివి ఇంకా చాలా ఉన్నాయని తెలిసింది.

డైరెక్టరు డాక్టర్ విరూపాక్షం గారికి చాలాకాలం ఒకటే బెంగ ఉండేది. ప్రపంచంలో ఎక్కడెక్కడి దీవుల్లోనో పాత ఎముకలు తవ్వి, పూర్వం అక్కడ ఎవరు బతికారో, ఏం తిన్నారో, ఏ రోగంతో పోయారో పండితులు తేల్చేస్తున్నారు. మనకేమో ద్వీపాల సంస్థ ఉంది గానీ ద్వీపం లేదు. సముద్రంలో ఉన్నవన్నీ వేరే శాఖల కింద ఉన్నాయి. అలా పదకొండేళ్ళు ద్వీపం లేకుండానే సంస్థ నడిచింది. ఏటా నివేదిక కూడా ఇచ్చాం. ద్వీపం ఎప్పుడు దొరికినా అధ్యయనం చేయడానికి సర్వసన్నద్ధంగా ఉన్నామని అందులో రాసేవాళ్ళం.

పన్నెండో ఏట గోదావరి వరదకు కొంగలమ్మ లంక పడమటి గట్టు విరిగింది. అక్కడున్న ఇసుక దిబ్బలోంచి పుర్రెలూ, వాటి తలాపున మట్టి కుండలూ బయటపడ్డాయి. ఎవరో ఫోనులో ఫొటో తీశారు, పేపర్లో వచ్చింది. మూడో రోజుకల్లా మేం జీపు దిగి పడవెక్కాం. డైరెక్టరు గారు పడవలో కూర్చోనన్నారు. కొత్త ఖండానికి వెళుతున్నవాడిలా ముందు కొమ్ము దగ్గర నిలబడే వచ్చి, దిగేటప్పుడు మోకాలి లోతు బురదలో దిగబడ్డారు.

లంకలో మమ్మల్ని మొదట పలకరించినవాడు ఓలేటి కాశీరాజు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేపల వేట అతని వృత్తి. భుజాన వల ఉంది.

"ఏటండీ బాబూ, ఏటోళ్ళ దిబ్బ కెలుకుతున్నారు?" అన్నాడు.

అతను చెప్పగా నాకు తెలిసింది ఇది. ఆ లంకలో తరతరాలుగా ఒక ఆచారం ఉంది. వరదలో ఎగువ నుంచి శవం కొట్టుకొస్తే, దాన్ని ముందుగా చూసినవాడే దానికి కొడుకు. చూడలేదని తప్పించుకోవడానికి లేదు. ఒడ్డుకు లాగాలి, స్నానం చేయించాలి, దిబ్బ మీద పూడ్చాలి, తలాపున కుండలో అన్నం పెట్టాలి, గుండు కొట్టించుకోవాలి, పదో రోజున ఊరికి భోజనం పెట్టాలి. వచ్చినవాడు కాల్చే కులమో పూడ్చే కులమో తెలియదు, మట్టయితే ఎవరికీ తప్పు కాదు కదా అని పూడుస్తారు.

"నాకు కన్నతండ్రి గాక ఏటి నాన్నలు ముగ్గురండి, ఏటమ్మ ఒకత్తి," అన్నాడు కాశీరాజు. "వరద రోజుల్లో పొద్దుటే నీళ్ళకేసి సూడకుండా ముకం కడుక్కోరా అని మా అమ్మ సెప్పేది. నా కళ్ళు ఊరుకోవండి."

డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఏకాంబరం, జానపద స్మృతి ఎంత బలమైనదో గమనించారా? ఏరు తెచ్చింది అంటున్నాడు. అంటే నౌకాయానం. జలమార్గాన వలస వచ్చిన మహాజాతి జ్ఞాపకం వీళ్ళ అంతశ్చేతనలో నిక్షిప్తమై ఉంది."

"వలస కాదండి. సచ్చి ఒచ్చారు," అన్నాడు కాశీరాజు.

"అది ఉపమానం," అన్నారు డైరెక్టరు గారు, నా వైపు తిరిగి.

దిబ్బను ప్రకటిత స్థలం చేశారు. తవ్వకం మొదలైంది. పద్నాలుగో నిబంధనను కాపాడే బాధ్యత సూపరింటెండెంట్ అనసూయాదేవి గారిది. ఆవిడ రూలు తప్పి తుమ్మను కూడా తుమ్మరు. ఒంటి హవాయి చెప్పు దొరికితే "సాగుడు గుణము గల పాదరక్ష" అని రిజిస్టరులో ఎక్కించారు. పళ్ళు విరిగిన ప్లాస్టిక్ దువ్వెనను "కేశసంస్కార పరికరము" అన్నారు. ఒకనాడు గోతిలోకి వంగి చూస్తుంటే ఆవిడ కళ్ళజోడే జారి లోపల పడింది. పైకి తీసిచ్చాను. ఆవిడ పుచ్చుకోలేదు. నేల కింద దొరికింది కనక "దృష్టిసాధనము" అని 212వ వస్తువుగా నమోదు చేయించి, ఎక్కడ సంతకం పెట్టాలో కనిపించక నన్ను చెయ్యి పట్టుకుని చూపించమన్నారు. ఆ నిజాయితీ ముందు మేమంతా దిగదుడుపే. కళ్ళజోడు కోసం ఆవిడ పెట్టుకున్న దరఖాస్తును ఆవిడే తిరస్కరించారు.

మొత్తం పంతొమ్మిది మంది తేలారు. ఎముకల నిపుణులు కొలతలు తీసి నివేదిక ఇచ్చారు. పంతొమ్మిది మందిలో ఏ ఇద్దరికీ చుట్టరికం లేదు. కొండల మీది మనుషులున్నారు, మైదానం మనుషులున్నారు. ఒక్కరు కూడా ఆ లంకలో పుట్టి పెరిగినవాళ్ళు కారు. అందరి ఎముకల గుజ్జులోనూ, నీళ్ళలో మునిగిపోయినవాళ్ళకు చేరే ఏటి నాచు ఉంది. ఈ నాలుగు ముక్కలూ కాశీరాజు మాటతో పొల్లుపోకుండా సరిపోయాయి. కానీ మా డైరెక్టరు గారి ముగింపు వేరు. కొంగలమ్మ లంక నానా దేశాల జనం వచ్చి చేరిన మహా రేవుపట్టణమట. అక్కడివాళ్ళు కుటుంబ వ్యవస్థను దాటిపోయిన ఆదర్శ సమాజమట. నాచును బట్టి చూస్తే జలక్రీడల్లో ఆరితేరినవారట. కాలం క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్ది.

"కాలం తేల్చడానికి ఒక ఎముకను పరీక్షకు పంపితే బాగుంటుందేమో సార్," అని కొత్తగా చేరిన పరిశోధకురాలు ఒకామె అన్నది.

"పరీక్ష అంటే అనుమానం. అనుమానం అంటే పూర్వీకులకు అవమానం," అన్నారు డైరెక్టరు గారు. ఆమెను మర్నాడే గ్రంథాలయానికి మార్చారు.

ఇక ఏడో నంబరు. ద్వీపపురుషుడు-7 అని పేరు పెట్టారు. ముప్పై అయిదేళ్ళ మగమనిషి. కుడి తొడ ఎముక మట్టి కడుగుతుంటే నా బ్రష్షుకు గట్టిగా ఏదో తగిలింది. జానెడు స్టీలు ప్లేటు, దానికి ఆరు మరలు. మూడో మర కాస్త వంకర. ప్లేటు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలూ మూడు అంకెలూ ఉన్నాయి. ఈ ఆపరేషను చేసిన డాక్టరు ఇంకా రిటైరయి కూడా ఉండడనుకున్నాను.

డైరెక్టరు గారు ఆ ఎముక చేతిలోకి తీసుకుని ఏడ్చేశారు. నిజంగా ఏడ్చారు, నేను అబద్ధం చెప్పను.

"శస్త్రచికిత్స," అన్నారు. "తుప్పు పట్టని లోహం. మరలు."

"సార్, ఇంగ్లీషు అక్షరాలున్నాయి."

"ఆ అక్షరాలు ఇక్కణ్ణించే వెళ్ళాయని నేనెప్పుడూ అంటూనే ఉన్నాను. ఇప్పుడు రుజువు దొరికింది."

పట్టుకున్న కుందేలుకు మూడే కాళ్ళంటారు. మా కుందేలుకు ఒక కాలికి ప్లేటు కూడా వేసి ఉంది. పేపర్లన్నీ మొదటి పేజీలో తొడ ఎముక బొమ్మ వేశాయి. ప్రదర్శనశాల కట్టడానికి ఉత్తర్వులు వచ్చాయి. విదేశాల్లో ద్వీపాల పరిశోధనకు ఇచ్చే పెద్ద బహుమతికి మా సంస్థ పేరు వెళ్ళింది.

మూడు వారాలయ్యాక ఒకావిడ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని కనిపించింది. నలభై నాలుగేళ్ళుంటాయి. నుదుట రూపాయంత బొట్టు, ఒళ్ళో ఆసుపత్రి వాళ్ళిచ్చే పెద్ద గోధుమరంగు కవరు. పేరు పెంటా రామతులసమ్మ. ఎగువన కొండల్లోంచి రెండు బస్సులు మారి వచ్చింది.

"పేపర్లో మా ఆయన కాలు ఏశారండి," అంది.

భర్త వీరభద్రం వెదురు తెప్పలు నడిపేవాడు. వెదుళ్ళ మోపు మీద పడి తొడ విరిగితే పెద్దాసుపత్రిలో ప్లేటు వేశారు. మరుసటేడు వరదలో తెప్ప విడిపోయింది. అప్పటికిప్పుడు పద్నాలుగేళ్ళు. లోపలికి తీసుకెళ్ళాను. డైరెక్టరు గారి బల్ల ముందు ఆమె కవర్లోంచి ఎక్స్‌రే తీసింది. డైరెక్టరు గారు దాన్ని కిటికీకి ఆనించి, పక్కన తొడ ఎముక పట్టుకుని, పది నిమిషాలు మార్చి మార్చి చూశారు.

"ఆరు మరలు. అవే ఎడాలు. మూడో మర వంకర," అన్నారు.

"అదేనండి. ఆయన నడిచినప్పుడు అది కలుక్కుమనేదండి," అంది రామతులసమ్మ. ఆమె ముఖం తేటపడింది. నా ప్రాణమూ కుదుటపడింది.

"అద్భుతం. రెండున్నర వేల ఏళ్ళ నాటి శస్త్రవిధానం, మూడో మర వంకరతో సహా, గురుశిష్య పరంపరగా ఈనాటి మన ఆసుపత్రుల దాకా వచ్చిందన్నమాట. అనసూయాదేవి గారూ, ఈ ఎక్స్‌రేను తులనాత్మక సాక్ష్యంగా నమోదు చేయండి."

"అది నాదండి," అంది ఆమె.

"జాతిదమ్మా," అన్నారు డైరెక్టరు గారు, చాలా గౌరవంగా.

ఆమె అడిగింది ఒక్కటే. ఎముకలు ఇచ్చేస్తే తీసుకెళ్ళి అగ్గి చూపించి ఏట్లో కలుపుకుంటుంది. అనసూయాదేవి గారు దానికి తగిన ఫారం తీసి, కళ్ళకు ఆనించుకుని చదివారు. "దావాదారు అవశేషంతో తనకు గల బంధుత్వాన్ని సమకాలీన పత్రాలతో నిరూపించవలెను. సమకాలీనమంటే అవశేషానికి సమకాలీనం. క్రీస్తు పూర్వపు పెళ్ళిపత్రిక ఏదైనా ఉందా అమ్మా?"

"పత్రికలు లేవండి. గుళ్ళో దండలు మార్చుకున్నాం."

"సాక్షులు?"

"మా అన్నయ్య ఉన్నాడండి."

"వయసెంత?"

"యాభై రెండు."

"చాలదు," అని అనసూయాదేవి గారు రాసుకున్నారు. ఆవిడలో ఏ కోశానా చెడ్డతనం లేదు. రూలుకు రెండు వేల నాలుగు వందల యాభై ఏళ్ళు తక్కువ పడ్డాయి, అంతే.

తర్వాత ఇంకో కాగితం ముందు పెట్టారు. సంస్థ అధీనంలో ఉన్న అవశేషం తన భర్తది కాదని ఆమె మనస్ఫూర్తిగా ధ్రువీకరించాలి. చెయ్యకపోతే ఫైల్లో అభ్యంతరం మిగిలిపోతుంది. అభ్యంతరం ఉన్నంతకాలం ప్రదర్శనశాల తెరవడానికి లేదు.

"అబద్ధం రాయలేనండి," అంది రామతులసమ్మ. "ఆ కాలుకి ఆర్నెల్లు కొబ్బరి నూనె రాసి నిమిరినదాన్ని. కాదని ఎట్టా రాస్తాను?"

సాయంత్రం ఆఫీసు మూసేదాకా ఆమె వరండాలోనే కూర్చుంది. టీ తీసుకెళ్ళి ఇచ్చాను. "పన్నెండేళ్ళు కాగానే గడ్డి బొమ్మ చేసి తగలెయ్యమన్నారండి మా పెద్దోళ్ళు. గడ్డి కోసం నేనేడవనన్నాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు ఇదే తంటా. బొట్టు తీసేస్తే బతికున్నోణ్ణి చంపినట్టు. పెట్టుకుంటే సచ్చినోణ్ణి పస్తు పడుకోబెట్టినట్టు. పద్నాలుగేళ్ళు ఏదో ఒక పాపం చెయ్యకుండా తెల్లారలేదండి," అంది. ఆమె ఏడుస్తూ చెప్పలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆదివారం ఆమెను లంకకు తీసుకెళ్ళాను. ఏడో నంబరును వరదలో ముందుగా చూసినవాడు కాశీరాజే. విషయం చెప్పగానే ఆ యాభై ఎనిమిదేళ్ళ మనిషి వల కింద పడేసి వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అమ్మా," అన్నాడు. "నేను నీ కొడుకుని. ఆయనకి తలకొరివి బదులు మట్టేసింది నేనే."

ఆమె వెనక్కి జరిగింది. తర్వాత నెమ్మదిగా ఇసుకలో కూర్చుంది. "ఏ రోజు దొరికాడయ్యా?"

"ఆషాడ బహుళ దశమి, గురువారం. కుడి కాలు మీద పొడుగ్గా కుట్ల మచ్చ. ఎవుడో బాగా సూసుకున్నోళ్ళు ఉన్నారు ఈయనకి అనుకున్నాను. గుండు సేయించుకున్నానమ్మా. పదో రోజున ఊరందరికీ అన్నం పెట్టాను. పప్పు, వంకాయ కూర, చారు."

"వంకాయ ఆయనకి పడదయ్యా. దురద," అంది రామతులసమ్మ.

"తప్పైపోయిందమ్మా. ఎరగను. ఏటా తద్దినానికీ వంకాయే వండుతున్నాను," అని కాశీరాజు తల పట్టుకున్నాడు.

మర్నాడు తెల్లచొక్కా వేసుకుని అతను మా ఆఫీసుకు వచ్చాడు. కొడుకుగా అడుగుతున్నాను, మా నాన్నను మా అమ్మకు ఇచ్చెయ్యండన్నాడు. కొడుకు తండ్రి కన్నా ఇరవై మూడేళ్ళు పెద్దవాడెలా అవుతాడని అనసూయాదేవి గారు అడిగారు. "ఏటి లెక్క అంతేనండి," అన్నాడు. డైరెక్టరు గారు మాత్రం పరమానందంతో అతని తల చుట్టుకొలత తీయించి, ప్రాచీన ద్వీపవాసుల ప్రత్యక్ష సంతతి అని రాసుకుని పంపేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావేమిటని అయినా అడుగుతాడు. ఇక్కడ శంఖాన్నే రిజిస్టరులో ఎక్కించుకున్నారు.

అయితే పేపర్లో ఆమె గురించి నాలుగు ముక్కలు వచ్చేసరికి డైరెక్టరు గారిలో మానవతా దృక్పథం మేల్కొంది. ఉత్తర్వు జారీ అయింది. దాన్ని నేను చాలాసార్లు చదివాను, అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. "ద్వీపపురుషుడు-7 యొక్క సంపూర్ణ నమూనా ఒకటి తయారుచేయించి, కర్మకాండల నిమిత్తం సదరు మహిళకు అందజేయవలసినది. నమూనాకును అసలుకును శాస్త్రరీత్యా ఎట్టి భేదమును లేనందున ఆమె మనోభావములకు భంగము వాటిల్లదు."

గడ్డి బొమ్మ వద్దన్న మనిషికి సుద్ద బొమ్మ. నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళ సర్వీసులో ఆఫీసు మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. భేదం లేకపోతే ఆ నమూనాను మీరే అద్దాల పెట్టెలో పెట్టుకోండి, అని నోటిదాకా వచ్చింది. పైకి అనలేదు. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి.

రెండు నెలలు పని చేశాను. చేతి వేళ్ళ ఎముకలతో సహా ఒక్కొక్కటీ పోశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ చేయలేదు. పంటి మీద గార కూడా దించాను. చివరికి అసలు తొడ ఎముక నుంచి ఆరు మరలూ విప్పి, స్టీలు ప్లేటును సుద్ద ఎముకకు బిగించాను. మూడో మర వంకరగానే తిప్పాను. తర్వాత రెండు పెట్టెలు సర్దాను. ఒకటి అద్దాల గదికి, ఒకటి రామతులసమ్మకు. ఉత్తర్వులో భేదం లేదని స్పష్టంగా ఉంది కనక ఏది ఎందులో పెట్టాలో నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఉత్తర్వు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు.

పెట్టె తీసుకుని లంకకు వెళ్ళాను. కాశీరాజు కబురు పెట్టి ఆమెను పిలిపించాడు. ఆమె పెట్టె వైపు చూడనైనా చూడలేదు. "గడ్డే వద్దన్నానండి. సుద్దనేం చేసుకోను?" అంది.

"ఒక్కసారి చూడండమ్మా," అన్నాను.

మూత తీసి తొడ ఎముక చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎముక మీద వరసగా ఆరు రంధ్రాలున్నాయి. బొటనవేలితో తడుముకుంటూ పోయి మూడోదాని దగ్గర ఆగింది. అది ఏటవాలుగా దిగి ఉంది. ఆ వేలు చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను తలొంచుకున్నాను. అప్పుడు ఏడ్చింది. పద్నాలుగేళ్ళదీ ఒక్కసారే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

కాశీరాజు ఎండు సరుగుడు పుల్లలు పేర్చాడు. అగ్గి చూపించారు. ఆరాక నాటుపడవ మీద నడి గోదావరికి వెళ్ళి కలిపేశారు. వదిలేసేటప్పుడు కాశీరాజు పైకే చెప్పాడు, "నాన్నా, ఈసారి దొండకాయ వండుతాను." రామతులసమ్మ నీళ్ళు తీసుకుని నుదురు కడుక్కుంది. ఒడ్డుకు వచ్చాక ఆకలేస్తోందని అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

ఆఫీసులో ఆరు నెలలు చీమ చిటుక్కుమనలేదు. ముగ్గురు పరిశోధకులు అద్దాల పెట్టె ముందు కూర్చుని, ఎముక సాంద్రతను బట్టి ద్వీపపురుషుడు రాగిజావ తాగేవాడని తేల్చారు. ఇంతలో విదేశీ బహుమతి కమిటీ ఎముక పొడి చిటికెడు పంపమంది. మా వాళ్ళు అడిగితే అనుమానం గానీ, విదేశం వాళ్ళు అడిగితే అది గౌరవం. పంపారు. జవాబు వచ్చింది. పంపినది ఎముక కాదు, జిప్సం.

నేను రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. డైరెక్టరు గారు గంటసేపు గది తలుపు వేసుకుని, బయటికి వచ్చి అందరినీ సమావేశపరిచారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"మిత్రులారా, ఇంతకాలం మనం మన పూర్వీకులను తక్కువ అంచనా వేశాం. వారు విరిగిన ఎముకకు ప్లేటు వేశారనుకున్నాం. అది పొరపాటు. వారు ఎముకనే తయారుచేసి వేశారు. కపాలం నుంచి కాలి గోటి దాకా, మొత్తం మనిషినే."

చప్పట్లు కొట్టాం. నేను అందరికన్నా గట్టిగా కొట్టాను. ప్రదర్శనశాలలో కృత్రిమ అస్థి విభాగం అదనంగా వెలిసింది. ప్లాస్టరులో అనుభవం ఉందని నన్ను దానికి సలహాదారును చేశారు.

ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టాక, అనసూయాదేవి గారు ఫైలు తెరిచి, అభ్యంతరం ఇంకా అలాగే ఉందన్నారు. పెంటా రామతులసమ్మ సంతకం లేనిదే తలుపులు తెరవడానికి లేదు. మంత్రిగారి కారు బయల్దేరింది. పేపరు వాళ్ళు వచ్చేశారు. కొండల్లోకి తెల్లవారగానే పంపిన జీపు పదిన్నరకు ఆమెను తీసుకొచ్చింది.

అద్దాల పెట్టె ముందు ఆమెను నిలబెట్టారు. లోపల పట్టుగుడ్డ మీద ద్వీపపురుషుడు పడుకుని ఉన్నాడు. దీపాల కింద ప్లేటు తళతళలాడుతోంది. డైరెక్టరు గారు నుదురు తుడుచుకుని, మెత్తగా అడిగారు. "అమ్మా, తొందరేమీ లేదు. బాగా చూసి, మీ అంతరాత్మ ఏం చెబితే అదే చెప్పండి. ఈయన మీ భర్తేనా?"

ఆమె వంగి, తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"కాదండి," అంది. "ఈయన మా ఆయన కాదు."

"మనస్ఫూర్తిగానా?"

"మనస్ఫూర్తిగానండి. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

డైరెక్టరు గారు ఒక్క ఊపిరి వదిలి, పేపరు వాళ్ళ వైపు తిరిగి, శాస్త్రం ముందు అపోహ ఎప్పటికైనా తలవంచక తప్పదన్నారు. అనసూయాదేవి గారు కాగితం అందించారు. రామతులసమ్మ కింద కూర్చుని, పలక మీద దిద్దినట్టు నెమ్మదిగా నింపింది. తన పేరు రాసింది, ఊరు రాసింది. భర్త పేరు అని ఉన్న చోట ఒక క్షణం ఆగి, కీర్తిశేషులు పెంటా వీరభద్రం అని రాసింది. పైన వివరములన్నియు వాస్తవమని ధ్రువీకరించడమైనది అన్న వరస కింద డైరెక్టరు గారు సంతకం చేసి, గుండ్రటి సీలు గట్టిగా నొక్కారు. ఆమె తన ప్రతిని మడిచి జాకెట్లో పెట్టుకుని, పదకొండున్నర బస్సు దొరుకుతుందా అని నన్ను అడిగింది.